మంచులో ఏ కారు?

పిల్లలూ! మా అమ్మాయి కాపురం కెనడాలో, మాంట్రియల్ నగరంలో. శీతకాలం వస్తే అక్కడి వీధుల నిండా మంచే. మనుమలిద్దరినీ బడికి కారులోనే తీసుకుపోవాలి. "నాన్నగారూ, వెనకచక్రాలు నడిపే కారు చవకగా వస్తోంది. నాలుగు చక్రాలూ నడిపేదానికి ఖరీదెక్కువ. ఏది కొనమంటారు?" అని ఫోనులో అడిగింది.

మీరైతే ఏం చెబుతారు? సాధారణంగా ఇంజను ముందుంటుంది గనక బరువు ముందుకే మొగ్గుతుంది. చక్రం నేలను ఎంత గట్టిగా నొక్కితే అంత పట్టు. వెనకచక్రం తేలికైతే మంచుమీద ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. మలుపులో కారు వెనకభాగం పక్కకు జారుతుంది. అందుకే కొందరు డిక్కీలో ఇసుకబస్తాలు వేసుకునేవారు! ఇంజను బలం నాలుగు చక్రాలకూ పంచితే బండి సులువుగా కదులుతుంది, మెరక ఎక్కుతుంది.

మరి ఆగటం మాటేమిటి? బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. కనక ఆగటంలో ఖరీదు కారు గొప్పేమీ లేదు. సులువుగా కదిలింది కదా అని వేగం పెంచేవాడికే ముప్పు. నేలను పట్టుకునేది టైరు. సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన మామూలు టైరు రబ్బరు బిరుసెక్కుతుంది. చలికాలపు టైరు మెత్తగానే ఉంటుంది. మాంట్రియల్ ఉన్న క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా కార్లకు ఆ టైర్లు ఉండితీరాలని చట్టం.

"ముందు టైర్లకు డబ్బు తీసిపెట్టమ్మా. మీ వీధి ఏటవాలు గనక, మిగిలిన డబ్బుకు వస్తే నాలుగు చక్రాలదే కొను, పాతదైనా సరే," అన్నాను.

అలాగే కొన్నది.