ఫోన్ నాది... కంప్యూటర్ మనది!

మన తరం చేతికి కంప్యూటర్ కంటే ముందు ఫోనే వచ్చింది. బ్యాంకు, బస్సు టికెట్, కరెంటు బిల్లు, సినిమా, చదువు, చివరికి పెళ్లి సంబంధాలు కూడా ఆ ఆరంగుళాల తెర మీదే నడిచిపోతున్నాయి. అలాంటప్పుడు ఇంట్లోకి మళ్లీ ఒక డెస్క్‌టాప్ ఎందుకు? అడగాల్సిన ప్రశ్నే. 36 వేలు పెట్టి ఒక ఆల్ ఇన్ వన్ కంప్యూటర్ కొందామని నేను అన్నప్పుడు మా నాన్న కూడా ఇదే అడిగాడు. "ఇంట్లో నలుగురికీ నాలుగు ఫోన్లున్నాయి కదమ్మా. ఐదోది ఎందుకు, అదీ జేబులో పట్టనిది?"

ఏడాది వాడాక ఇప్పుడు ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. ఫోన్‌లో దాదాపు ఏ పనైనా చేయొచ్చు. కాకపోతే ఒక్కళ్లమే చేసుకోవాలి. నలుగురూ కలిసి చూడాల్సిన పని, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి పోల్చాల్సిన పని, రెండు గంటలు కదలకుండా కూర్చుని చేయాల్సిన పని వచ్చిందనుకోండి, ఫోన్ చేతులెత్తేస్తుంది. అప్పుడు మనం నెట్ సెంటర్‌కి పరిగెడతాం. మాది చీరాల. మా ఇంట్లో ఆ పరుగు ఎలా ఆగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

డబ్బా లేని కంప్యూటర్

ఆల్ ఇన్ వన్ అంటే విడిగా సీపీయూ డబ్బా ఉండదు. తెర వెనకాలే మదర్‌బోర్డు, ప్రాసెసర్, స్టోరేజీ అన్నీ సర్దేస్తారు. చవక రకాల లోపల ఉండేవి చాలావరకు ల్యాప్‌టాప్ సామాన్లే. కెమెరా, మైకు, స్పీకర్లు, వైఫై దాంట్లోనే వచ్చేస్తాయి. ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1977 నాటి కమోడోర్ పెట్‌లో, 1984లో వచ్చిన మొదటి మాకింతోష్‌లో కూడా తెర, మెషీన్ ఒకే పెట్టెలో ఉండేవి. 1998లో ఐమ్యాక్ వచ్చాక ఇది ఫ్యాషన్ అయింది. ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్ ధరకే దొరుకుతోంది.

మేం కొన్నది 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర, ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. కీబోర్డు, మౌస్ పెట్టెలోనే వచ్చాయి. హాల్లో కుట్టు మిషన్ పక్కన చిన్న బల్ల మీద పెట్టాం. గోడకి వెళ్లేది ఒకటే వైరు. అడాప్టర్ మీద 65 వాట్లని రాసి ఉంది. అంటే పూర్తి లోడుతో నడిచినా ఒక యూనిట్ కాలడానికి 15 గంటలు పడుతుంది. ఈ లెక్క చెప్పాకే నాన్న కొంచెం మెత్తబడ్డాడు.

చెల్లి ఆప్షన్లు

దాని విలువ ఇంట్లో అందరికీ తెలిసింది చెల్లి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అప్పుడే. వెబ్ ఆప్షన్లు పెట్టినవాళ్లకి ఆ టెన్షన్ తెలుసు. రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు రెండు వందలకు పైనే. ఒక్కోదాంట్లో నాలుగైదు బ్రాంచీలు. వాటిలోంచి మనకి కావాల్సినవి ఏరి, వరుస నంబర్లు ఇవ్వాలి. సీటు కేటాయించేటప్పుడు ఆ లిస్టుని పైనుంచి కిందికి చూస్తూ వస్తారు. మన ర్యాంకుకి, కేటగిరీకి మొదట ఎక్కడ సీటు దొరికితే అక్కడితో ఆగిపోతారు. నాలుగో నంబర్లో ఉండాల్సిన కాలేజీ పదో నంబర్లోకి పోయిందనుకోండి, మధ్యలో ఉన్న ఇష్టంలేని కాలేజీలో సీటు రావచ్చు. నాలుగేళ్ల చదువు ఒక వరుస నంబరు మీద ఆధారపడి ఉంటుంది.

ఆ రోజుల్లో నెట్ సెంటర్లు కిటకిటలాడతాయి. ర్యాంకు చెప్తే చాలు, వాళ్ల దగ్గరున్న రెడీమేడ్ లిస్టు తీసి పది నిమిషాల్లో ఆప్షన్లు పెట్టేస్తారు. బయట ఇరవై మంది నిలబడి ఉంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఒక్కో పిల్ల మనసులో ఏముందో కూర్చోబెట్టి అడిగే తీరిక ఎక్కడిది?

ఇంట్లో తీరిక దొరికింది. గత ఏడాది చివరి ర్యాంకుల పీడీఎఫ్ తెర ఎడమ సగంలో పెట్టింది చెల్లి. కుడి సగంలో ఎక్సెల్ షీట్. విండోస్ బటన్‌తో పాటు పక్క బాణం నొక్కితే తెర సగానికి సర్దుకుంటుంది. ఫోన్‌లో ఆ పీడీఎఫ్ తెరిచినవాళ్లకి తెలుస్తుంది దాని బాధ. కులం, అబ్బాయిలు, అమ్మాయిలు అంటూ అడ్డంగా బోలెడు గడులు. వేళ్లతో పెద్దది చేసుకుని పక్కకి జరిపేసరికి ఏ కాలేజీ వరుసలో ఉన్నామో మర్చిపోతాం.

నాన్న కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి "ఆ ఊరికి రైలుందా?" అంది. షీట్లో రైలుకి ఒక గడి చేరింది. నాన్న ఫీజు అడిగాడు, అదొక గడి. హాస్టల్‌కి ఇంకో గడి. అసలు గొడవ వేరే. నాన్నకి దగ్గర్లో ఉన్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్ కావాలి. చెల్లికి దూరంగా ఉన్న కాలేజీలో ఎలక్ట్రానిక్స్ కావాలి. రెండు సాయంత్రాలు ఆ తెర ముందు వాదించుకున్నారు. మామూలుగా అయితే నాన్న "నీకేం తెలుసే" అని లేచిపోయేవాడు. ఇక్కడ అంకెలు కళ్ల ముందే ఉన్నాయి. లేచిపోవడానికి లేదు. చివరికి 43 ఆప్షన్లు చెల్లి చెప్పిన వరుసలోనే వెళ్లాయి. మూడోది వచ్చింది. అది నాన్న మొదట వద్దన్న కాలేజీయే. ఎందుకు వద్దన్నాడో, తర్వాత ఎందుకు సరేనన్నాడో రెండూ ఆ షీట్లో ఉన్నాయి. అందుకే ఇంట్లో ఎవరూ మొహం మాడ్చుకోలేదు.

సంఘం లెక్క తేలింది

అమ్మ డ్వాక్రా సంఘానికి లీడరు. పది మంది సభ్యులు. బ్యాంకులో 5 లక్షల అప్పు తీసుకుని తలా 50 వేలు పంచుకున్నారు. నెలకి మనిషికి 2,400 కట్టాలి. లెక్కలన్నీ ఒక పొడుగు పుస్తకంలో రాసేవాళ్లు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే కనబడుతుంది, మిగతావాళ్లు వినాల్సిందే.

ఒక నెల మీటింగులో, మా పక్కవీధి పిన్ని ఎనిమిదో కిస్తీ కట్టలేదని తేలింది. పుస్తకంలో ఆ గడి ఖాళీ. "కట్టాను వదినా, నీ చేతికే ఇచ్చాను" అంటుంది ఆవిడ. అమ్మకి గుర్తులేదు. ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకున్నారు. పిన్ని మిషన్ కుట్టి బతికే మనిషి. 2,400 మళ్లీ కట్టడం ఆవిడకి కష్టమే. దానికంటే, కట్టకుండా కట్టానందన్న మాట పడటం ఇంకా కష్టం. ఆ మాట ఒకసారి పడితే తర్వాతి అప్పు దగ్గర కూడా వెంటాడుతుంది.

ఆ వారమే అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకంలో ఉన్నదంతా ఎక్సెల్‌లోకి ఎక్కించింది. పేర్లు నిలువుగా, నెలలు అడ్డంగా. అడుగున కూడిక. మర్నాడు సభ్యులందర్నీ పిలిచింది. పది మందీ హాల్లో కూర్చున్నారు. ఇరవై రెండు అంగుళాల తెర పది మందికీ కనబడుతుంది. బ్యాంకు పాస్‌బుక్ తీసి నెల నెలా చదువుతుంటే నేను కూడికలు చూపిస్తూ వచ్చా. ఏడు నెలలు సరిపోయాయి. ఎనిమిదో నెల పాస్‌బుక్‌లో 24,000 జమ ఉంది. మా షీట్లో 21,600. తేడా సరిగ్గా 2,400. అందరి కిస్తీలూ బ్యాంకుకి చేరాయి. ఒక గడి రాయడం మాత్రం మిగిలిపోయింది.

పిన్ని ఏడవలేదు, ఎవర్నీ ఒక్క మాట అనలేదు. తెర దగ్గరికి వచ్చి తన పేరున్న వరుస మీద వేలు పెట్టి, "ఈ గడిలో నువ్వే రాయి అమ్మాయ్, నేను చూస్తా" అంది. రాశా. పేజీ ఒకటి ఫోన్లో పంపమంటే అందరికీ పీడీఎఫ్ పంపాం. అప్పట్నుంచి మీటింగు అంటే మా హాల్లోనే.

తెలుగు టైపింగ్ అమ్మకి నేను పెద్దగా నేర్పింది లేదు. 2019 నుంచి విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. పలికినట్టు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేస్తుంది. విండోస్ బటన్, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఫోన్లో పిల్లలకి మెసేజీలు కొట్టిన అలవాటే ఇక్కడా పనికొచ్చింది. మీటింగు తీర్మానాలు ఇప్పుడు ఆవిడే కొడుతుంది. కళ్లజోడు కూడా ప్రతిసారీ అక్కర్లేదు, అక్షరాల సైజు పెంచుకుంటుంది.

మన కాగితాలు మన ఇంట్లో

ఇంకో సంగతి మనం అంతగా పట్టించుకోం. నెట్ సెంటర్ సిస్టమ్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఎప్పుడైనా చూశారా? ఊళ్లోవాళ్ల ఆధార్లు, టెన్త్ మెమోలు, బ్యాంకు పాస్‌బుక్కులు వరుసగా కనబడతాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉందిగా అంటారేమో. ఆ పాస్‌వర్డ్ మన పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఊరివాళ్లకి తెలియని రహస్యమా అది? బయట తప్పదనుకుంటే, చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోండి. పనయ్యాక ఫైలు తీసేయించండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. వాట్సాప్ వెబ్ వాడి ఉంటే ఫోన్లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి లాగౌట్ కొట్టండి.

ఇంట్లో కంప్యూటర్‌కి ఇంకో రకం తగువు ఉంది. "హాల్లో పెడితే నా ప్రైవసీ ఏంటక్కా?" అంది చెల్లి. న్యాయమైన మాటే. నలుగురికీ నాలుగు యూజర్ అకౌంట్లు పెట్టాం, ఎవరి పిన్ వాళ్లది. నాన్న పిన్ మాత్రం ఆయన బండి నంబరని అందరికీ తెలుసు.

కొనేముందు ఇవి చూడండి

దీంట్లో ఇబ్బందులూ ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లా బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే సేవ్ చేయని పని గోవిందా. మేం 600 వీఏ యూపీఎస్ తగిలించాం. ఇంత చిన్న మెషీన్‌కి పది పదిహేను నిమిషాలకు ఢోకా లేదు, సేవ్ చేసి ఆపుకోవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దానికి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. ఆ మోడ్‌లో కరెంటు మారేటప్పుడు కంప్యూటర్ ఆరిపోకుండా ఉంటుంది.

రెండోది రిపేరు. విడి డెస్క్‌టాప్‌లో తెర పోతే తెరే మారుస్తాం. దీంట్లో ఏది పోయినా మొత్తం షాపుకి మోసుకెళ్లాలి. అందుకే మీ ఊళ్లో, కనీసం పక్క ఊళ్లో సర్వీసు ఉన్న కంపెనీదే తీసుకోండి. ర్యామ్ పెంచుకోవడానికి ఖాళీ స్లాటు ఉందో లేదో కొనేముందే అడగండి. కొన్నింట్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది.

మూడోది స్టోరేజీ. పాత రకం హార్డ్ డిస్క్ ఒక్కటే ఉన్నది ఎంత చవకైనా వద్దు. 1 టీబీ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది కానీ ఆన్ అయ్యేలోపు టీ తాగి రావచ్చు. 256 జీబీ అయినా సరే, ఎస్ఎస్‌డీ ఉండాలి.

నాలుగోది సెకండ్‌హ్యాండ్. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ఏడో తరం, అంతకంటే పాత చిప్పులున్న వాటికి, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 అధికారికంగా రాదు. రీఫర్బిష్డ్ కొంటే ఎనిమిదో తరం, ఆ పైనదే చూడండి. పాతది ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయకండి. ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి వేసుకుంటే బ్రౌజింగ్‌కి, లిబ్రె ఆఫీస్‌లో లెక్కలకి బాగానే పనికొస్తుంది. రెండూ ఉచితమే.

పెద్ద గేములు ఆడాలన్నా, వీడియో ఎడిటింగ్ సీరియస్‌గా చేయాలన్నా ఈ ధరలో ఇది సరిపోదు. హాస్టల్లో ఉండేవాళ్లకి, ఊళ్లు తిరిగే ఉద్యోగాలవాళ్లకి ల్యాప్‌టాపే నయం. ఇది ఇంట్లో ఉండేవాళ్ల కోసం.

అందుకే షాపుకి వెళ్లేముందు ఒక కాగితం తీసుకోండి. గత ఆరు నెలల్లో మీ ఇంట్లోవాళ్లు నెట్ సెంటర్‌కి ఎన్నిసార్లు వెళ్లారో, ఏ పని మీద వెళ్లారో రాయండి. మీ పనులు కాదు, మీ అమ్మవి, నాన్నవి, తమ్ముడివి. ఫోన్ మనకి అలవాటైనంతగా వాళ్లకి అలవాటు కాలేదు. "ఇదేదో చూడరా" అని వాళ్లు మన వెంట పడినప్పుడు మనం సగం వినే పనులన్నీ ఆ కాగితం మీదికి వస్తాయి. రెండు మూడు పనులే ఉంటే డబ్బులు దాచుకోండి. కాగితం నిండిపోతే మాత్రం, ఆ తెర హాల్లో అందరికీ అందేచోట పెట్టండి. కుర్చీలు రెండు వేయండి.