శ్వపతి ధర్మం



శ్రీరుద్రం నాలుగవ అనువాకంలో వడ్రంగులకు, రథకారులకు, కుమ్మరులకు, కమ్మరులకు, వేటగాండ్రకు నమస్కరించిన పిమ్మట, చిట్టచివర శునకాలకు, శునకపతులకు నమస్కారం చెప్పబడినది. అభిషేకవేళ ఆ భాగం వడివడిగా సాగిపోతుంది. సర్వం రుద్రమయమన్న భావానికి అదొక నిదర్శనమని తలచి మనం ముందుకు పోతాం. కానీ వేదమాత శునకాన్ని మాత్రమే చెప్పి ఊరుకొనలేదు. శ్వపతిని కూడా దాని పక్కనే నిలిపినది. పతి శబ్దం రక్షణార్థకమైన 'పా' ధాతువు నుండి ఏర్పడినదని శాబ్దికులు చెబుతారు. అనగా శునకం ఉన్నవాడెల్ల శ్వపతి కాడు, శునకాన్ని రక్షించేవాడే శ్వపతి.

ఈ భేదం గ్రంథం ముందు కూర్చున్నప్పుడు స్వల్పంగా తోస్తుంది. మూడు శునకాల తాళ్ళు చేతబట్టి వీధిలో నడుస్తుండగా, కట్టులేని నాలుగవది ఎదురుగా పరుగెత్తి వచ్చినప్పుడు దాని గురుత్వం తెలుస్తుంది. "అటువంటి సమయంలో కర్ర ఎత్తవచ్చునా? అహింసకు భంగం కాదా?" అని కొందరు ఆస్తికులు నన్ను అడుగుతుంటారు. వారికి విడివిడిగా చెప్పినదే ఇక్కడ ఒకచోట చేర్చుతున్నాను.

మా గృహంలో మూడు శునకాలు ఉన్నవి. భైరవుడు వృద్ధుడు, ఒక కంటికి పొర కమ్మినది. చుక్క, మల్లి అనే రెండూ మా వీధిలోని ఒక వృద్ధమాత పరమపదించిన తరువాత ఆశ్రయం లేక మా వాకిటికి చేరినవి. అర్చకుని ఇంట కుక్కలేమిటని ప్రశ్నించేవారు లేకపోలేదు. ఆచారాన్ని నేను విడువలేదు. అవి పెరటి పాకలోనే ఉంటాయి. వేకువన నాలుగు గంటలకు వాటిని నడిపించి వచ్చి, శిరఃస్నానం చేసి, మడి కట్టుకొనిన తరువాతనే ఆలయద్వారం తెరుస్తాను. శౌచం స్నానంతో సిద్ధిస్తుంది. ఆశ్రయించిన ప్రాణిని వెళ్ళగొట్టిన దోషం స్నానంతో పోదు.

మొదట కట్టు అనగా ఏమిటో ఆలోచించవలెను. శైవాగమాలు పతి, పశువు, పాశం అని మూడు తత్త్వాలను చెబుతాయి. అక్కడి పాశం జీవుని బంధించే మలం. మన చేతిలోనిది నూలుతాడు. అయినా ఒక పోలిక ఉన్నది. భయం కలిగిన జంతువుకు ప్రకృతి రెండు ఉపాయాలను ప్రసాదించినది: పారిపోవడం, లేదా పోరాడటం. మనం మెడకు తాడు కట్టిన క్షణంలో మొదటి ఉపాయాన్ని హరించాం. కనుకనే, కట్టులేనప్పుడు సాధువుగా ఉండే శునకం కూడా కట్టి ఉన్నప్పుడు మొరుగుతుంది, ఎగబడుతుంది. దానికి మిగిలిన మార్గం అదొక్కటే. పారిపోయే స్వేచ్ఛను మనమే తీసుకొన్నాం గనుక, పారిపోవలసిన అవసరం రాకుండా చూడటం మన ఋణం. ఎవరు పాశాన్ని పట్టుకొన్నారో వారే అభయం ఇవ్వవలెను. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఈ వాక్యంలోనే ఉన్నది.

మా వీధి మలుపులో ఒక గృహస్థు ఉన్నారు. నిత్యం స్వామి దర్శనానికి వచ్చే భక్తులు. వారి శునకం బలమైన జాతిది. వేకువన గేటు తెరిచి దానిని విడిచిపెట్టి, తాము అరుగు మీద కూర్చుని కాఫీ సేవిస్తుంటారు. గత కార్తికంలో ఒకనాడు అది మమ్ములను చూసి దూసుకొని వచ్చినది. "ఏమీ అనదండీ, ఆడుకోవడానికే వస్తోంది" అని వారు అరుగు మీదనుండే పలికారు. అది సత్యమే కావచ్చు. కానీ ఆ మాట అర్థమయ్యేది నాకు, భైరవునికి కాదు. కనబడని వైపు నుండి వచ్చేది మిత్రమో శత్రువో ఆ వృద్ధునికి ఎట్లా తెలుస్తుంది? అతడు నా మోకాలి వెనుక చేరి వణికినాడు. మల్లి పళ్ళు చూపినది. చుక్క తాడు నా కాళ్ళ చుట్టూ తిరిగినది. నేను గోడవైపుకు జరిగి, మూడింటినీ గోడకూ నాకూ నడుమ నిలిపి, కర్రకొనను ముందు నేలకు ఆనించి, "ఆగు" అని ఒక్కసారి గట్టిగా పలికాను. అది రెండు బారల దూరంలో నిలిచినది. యజమాని ఐదు మార్లు పిలిచారు, అది కదలలేదు. చివరకు వారే లేచి వచ్చి మెడపట్టీ పట్టుకొని తీసుకొనిపోయారు.

ఆ ఉదయమే వారు ఆలయానికి వచ్చారు. గోత్రనామాలతో యథావిధిగా అర్చన చేశాను, తీర్థప్రసాదాలు ఇచ్చాను. స్వామి సన్నిధిలో నా మనస్సులోని మాటకు చోటు లేదు. పిమ్మట ముఖమంటపంలో కూర్చున్నప్పుడు విషయం ప్రస్తావించాను. వారు నవ్వి, "పంతులుగారూ, దత్తాత్రేయస్వామి వెంట నాలుగు కుక్కలు ఉంటాయి కదా, వాటికి గొలుసులు ఉన్నాయా?" అన్నారు.

"లేవయ్యా," అన్నాను. "ఆ నాలుగింటినీ నాలుగు వేదాలని పెద్దలు చెబుతారు. వేదం స్వామి ఆజ్ఞను దాటదు. ఆజ్ఞకు కట్టుబడిన ప్రాణికి తాడు అక్కరలేదు. మీ శునకం కూడా ఒక్క పిలుపుకు మీ పాదాల వద్దకు వస్తే, అది మీ మాటకు కట్టుబడి ఉన్నదనే అర్థం. నాకు అభ్యంతరం లేదు. నేడు ఐదు పిలుపులకు రాలేదు. మాట పట్టనిచోట తాడు పట్టవలెను. అది దానికి శిక్ష కాదు. నా భైరవునికి మీరిచ్చే అభయం."

వారు కొంతసేపు మౌనంగా ఉండి, "రేపటి నుండి చూస్తానండీ" అన్నారు. అనేక దినాలు ఆ చేత తాడు కనబడుతున్నది. కొన్ని దినాలు కనబడటం లేదు. భైరవుడు మాత్రం నేటికీ ఆ మలుపు దగ్గర అడుగు ముందుకు వేయడు. మేము చుట్టుదారిన పోతున్నాం. ఆడుకోవడానికే వచ్చినదైనా, పది క్షణాల పరుగు ఒక వృద్ధప్రాణి నుండి ఒక వీధిని శాశ్వతంగా తీసుకొనగలదు. శునకాన్ని విడిచిపెట్టేవారు ఈ విషయాన్ని మనసులో ఉంచుకొనవలెను. ధర్మం మాట అటుంచినా, తన ఆధీనంలోని జంతువు వలన మనుష్యులకు అపాయం కలుగకుండా జాగ్రత్త వహించకపోవడం భారతీయ న్యాయ సంహిత 291వ విభాగం ప్రకారం శిక్షార్హం.

ఇక కర్ర ఎత్తవచ్చునా అన్న ప్రశ్న. రాజనీతిలో చెప్పిన సామ, దాన, భేద, దండోపాయాల క్రమమే ఇక్కడ కూడా మార్గదర్శకం.

సామం నడకకు ముందే ఆరంభమవుతుంది. తాళ్ళు పొట్టిగా ఉండవలెను గానీ బిగుతుగా ఉండరాదు. చేతిలోని బిగువు తాడు గుండా మెడకు చేరుతుంది. మన భయాన్ని శునకం అక్కడ చదువుకొంటుంది. కఠోపనిషత్తు మనస్సును పగ్గంగా చెప్పినది. ఇక్కడ పగ్గమే మనస్సును తెలియజేస్తున్నది. తాడును మణికట్టుకు చుట్టుకొనరాదు. మూడు శునకాలు ఒక్కసారి లాగితే మనిషి నేలకొరుగుతాడు. భయస్థమైనదాన్ని శరీరానికి దగ్గరగా నడిపించవలెను. దూరం నుండే విడికుక్కను గమనించి దారి మార్చడం ఉత్తమం. అది పిరికితనం కాదు. సమీపించినప్పుడు పరుగెత్తరాదు, దాని కళ్ళలోకి సూటిగా చూడరాదు. కొంచెం పక్కకు తిరిగి నిలిచి, తక్కువ మాటలతో స్థిరంగా పలకవలెను.

దానం అనగా సంచిలో పిడికెడు బిస్కెట్ ముక్కలు. వచ్చేదాని ముందు నేల మీద వెదజల్లితే అది మూతి దించి వాసన చూస్తుంది. ఆ కొద్ది వ్యవధి మనం తొలగిపోవడానికి చాలును. మన శునకాల దగ్గర మాత్రం వేయరాదు. అక్కడ ఆహారమే కలహకారణం అవుతుంది.

భేదం అనగా నడుమ ఒక అడ్డు కల్పించడం. గోడ మూల, నిలిచి ఉన్న బండి, తెరిచిన గొడుగు, ఏదైనా సరే. చూపులు కలవనిచోట వైరం సగం తగ్గుతుంది. వీధికుక్కల గుంపు విషయంలో ఇది మరింత ముఖ్యం. అవి తమ హద్దును కాపాడుకొంటాయి. ఆ హద్దు దాటగానే చాలావరకు వెనుదిరుగుతాయి. మా గట్టు మీది గుంపు తొలిరోజులలో వీధి చివరి వరకు తరిమేది. ప్రతిదినం ఒకే వేళకు, ఒకే అంచు వెంట, నిలువకుండా నడిచాం. కొన్ని నెలలకు అవి తల ఎత్తి చూసి మళ్ళీ పడుకొనడం నేర్చుకొన్నవి.

చివరిది దండం. నా చేత కర్ర ఉన్నది. దానిని హద్దుగా వాడతాను, ప్రహారానికి వాడను. కొనను నేలకు ఆనించి ముందుకు చాచినప్పుడు అది గీత వలె పనిచేస్తుంది. అహింస పరిపూర్ణంగా సిద్ధించిన యోగి సన్నిధిలో ప్రాణులు వైరాన్ని విడుస్తాయని పతంజలి మహర్షి సెలవిచ్చారు. మనం ఆ భూమికలో లేము గనుక కర్ర అవసరమవుతున్నది. లోపల ద్వేషం లేకుండా హద్దును నిలపడం దండనీతి. కోపంతో కొట్టడం హింస. రెండింటికీ కర్ర ఒకటే కావచ్చు, చేయి వేరు.

ఒక విషయం నన్ను కలతపెడుతుంది. మన వీధులలో మనిషి ఊరక నేల వైపు వంగితే చాలు, కుక్కలు చెదిరిపోతాయి. రాయి ఏరుతున్నాడని వాటి భయం. ఈ ఉపాయం ఫలిస్తుందని అందరూ చెబుతారు, ఫలిస్తుంది కూడా. కానీ అది ఎందుకు ఫలిస్తున్నది? ఎన్ని రాళ్ళు తగిలితే ఆ జ్ఞానం కలిగి ఉంటుంది? జారిన తాడు కోసం నేను వంగినప్పుడు నా చుక్క కూడా నేలకు అంటుకొనిపోతుంది. ఆ అభినయాన్ని నేను చేయను.

మహాభారత ఆదిపర్వంలో సరమ వృత్తాంతం ఇటువంటిదే. జనమేజయుని సత్రయాగశాలకు వచ్చిన శునకపుత్రుడు సారమేయుణ్ణి రాజసోదరులు కొట్టారు. అతడు హవిస్సును నాకలేదు, కన్నెత్తి చూడనూ లేదు. తల్లి సరమ వచ్చి, నిరపరాధిని ఎందుకు కొట్టారని అడిగినప్పుడు సమాధానం లేదు. ఊహించని భయం మీకు కలుగుతుందని ఆమె శపించినది. నన్నయభట్టారకుని ఆంధ్రీకరణ ద్వారా తెలుగువారందరికీ పరిచితమైన ఘట్టమిది. భరతవంశపు చక్రవర్తి ఒక కుక్క ప్రశ్నకు కలత చెంది, ఆ శాపశాంతి కోసం తగిన పురోహితుణ్ణి వెదకవలసి వచ్చినది. దండం పట్టిన ప్రతివాడూ ఆ తల్లి ప్రశ్నను వినవలెను: ఇది ఏమి చేసినది?

గీత ఐదవ అధ్యాయంలో పండితుడు బ్రాహ్మణుని యందు, గోవునందు, ఏనుగునందు, శునకమునందు సమదర్శి అని భగవానుడు చెప్పాడు కదా, మరి నా కుక్క, పరాయి కుక్క అన్న భేదమేల అని ఒక సాధకుడు అడిగాడు. సమదర్శనం వేరు, సమవర్తనం వేరు అని పెద్దలు చెప్పినదే దీనికి సమాధానం. ఎదురు వచ్చినదానిలోనూ అదే చైతన్యం ఉన్నదని చూడవలెను. అందుకే దానిని కొట్టరాదు. నా తాటికి కట్టుబడినవాటికి నేను బాధ్యుణ్ణి అని ప్రవర్తించవలెను. అందుకే దానిని నిలపవలెను. దర్శనం కర్తవ్యాన్ని రద్దు చేయదు.

ఎంత జాగ్రత్త వహించినా కాటు పడవచ్చు. కలహించే శునకాల నోళ్ళ మధ్య చేయి పెట్టరాదు. మీది ఉత్తరీయమో, నీళ్ళో వేయవలెను. కాటు పడితే విభూతి పెట్టమని, తాయెత్తు కట్టమని నా వద్దకు వచ్చేవారు ఉన్నారు. విభూతి ఇస్తాను, కానీ ముందు సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు గాయాన్ని కడిగించి వైద్యశాలకు పంపుతాను. పసుపు, కారం, సున్నం, పసరు ఏదీ పూయరాదు. వైద్యుడు చెప్పిన టీకాలన్నీ తప్పక వేయించుకొనవలెను. గాయాన్ని బట్టి రక్షకసీరం కూడా అవసరం కావచ్చు. లక్షణాలు బయటపడిన తరువాత రేబిస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. వైద్యాన్ని ఆలస్యం చేయమని ఏ మంత్రశాస్త్రమూ చెప్పదు. మన శునకాలకు ఏటేటా టీకా వేయించడం కూడా శ్వపతి ధర్మంలోనిదే.

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన శునకానికి తాడు లేదు. ఆయన దానిని పెంచలేదు, పిలువలేదు. వెంట వచ్చినదన్న ఒక్క కారణానికి స్వర్గాన్ని వద్దన్నాడు. తనంత తాను వచ్చినదానికే అంత ఋణపడితే, మనం మెడకు తాడు కట్టి తెచ్చుకొన్నవాటికి ఎంత ఋణపడి ఉన్నాం?

మరి పతిలేని వీధికుక్కల మాట ఏమిటి? వాటికి పశుపతి ఉన్నాడని చేతులు దులుపుకొనడం సులభం. పశుపతి మన చేతులతోనే పనిచేస్తాడు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్స, రేబిస్ టీకా జరిపించే బాధ్యత స్థానిక సంస్థలది. దానిని అడగడం, సహకరించడం గ్రామస్థులమైన మన పని. ఊరంతా కలిసి శ్వపతి కావలసిన చోటు అది.

ఇకమీదట రుద్రాభిషేకంలో నాలుగవ అనువాకం చివరికి వచ్చినప్పుడు భక్తులు ఒక్క క్షణం ఆ నమస్కారాన్ని ఆలకించగలరు. చేత తాడు పట్టినవారు అందులో రెండవ నమస్కారం తమకు చెందదగినదేనా అని తమను తామే అడుగుకొందురు గాక.

స్వస్తి.