సమస్యను పూరించేది ఎవరు?

బెంగళూరులో ఎంబీఏ చదువుతున్న మా అమ్మాయికి ఒక క్లాసులో నాటకం ఆడిస్తున్నారట. ముందుగా రాసుకున్న మాటలుండవు. ఒకరు ఏదో అంటే, పక్కవాళ్లు దాన్ని కొట్టిపారేయకుండా "అవును, ఇంకా..." అని మరో మాట కలపాలి. "చిక్కు సమస్యలు నలుగురూ కలిసి తేల్చుకోవడానికి ఇది మంచి సాధన అమ్మా" అంది. కీత్ సాయర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త షికాగోలో ఇలాంటి నాటక బృందాలకు పియానో వాయించి, వాళ్ల ఆటను పరిశోధించి, 2007లో ‘గ్రూప్ జీనియస్’ అనే పుస్తకం రాశారు. కొత్త ఆలోచన ఒక్క బుర్రలో మెరుపులా పుట్టదంటారాయన. ఒకరి మాటకు ఒకరు చిన్నచిన్న ముక్కలు కలుపుతూ పోతే, ఎవరూ అనుకోనిది తయారవుతుందట.

బీఏ తెలుగు చదివినదాన్ని, నాకు వెంటనే అవధానం గుర్తొచ్చింది. మన సాహిత్యంలో ‘సమస్య’ అంటే కష్టం కాదు. పృచ్ఛకుడు అర్థం పొసగని పాదం ఒకటి ఇస్తాడు. అవధాని ఆ పాదాన్ని మార్చకుండా, మిగిలిన పాదాలు అల్లి దానికి అర్థం తెస్తాడు. అదే పూరణ. నిషిద్ధాక్షరిలో అయితే ‘ఈ అక్షరం వద్దు’ అని పృచ్ఛకుడు అడుగడుగునా అడ్డుపడతాడు, అవధాని ఇంకో దారి తీస్తాడు. చివరికి తయారైన పద్యంలో అడ్డుపడినవాడి పాలూ ఉంటుంది. తిరుపతి వేంకట కవులు ఇద్దరూ ఒకే పేరుతో కవిత్వం చెప్పి, ఊరూరా అవధానాలు చేశారంటే, కలిసి అల్లడం మనకు కొత్తేమీ కాదు.

మా తనకల్లులో మార్చలేని పాదం నీళ్లు. మా మామగారి పొలం ముగ్గురు అన్నదమ్ములకు మూడు భాగాలైంది. ఒకో వేసవిలో రెండు బోర్లు ఎండాయి. పెద్దక్క వాళ్ల బోరులో మాత్రం ఇంచున్నర నీళ్లు. మాకు టమోటా, చిన్న తోడికోడలికి పట్టుపురుగుల కోసం మల్బరీ, పెద్దక్కకు ఆవుల మేత. మగవాళ్లు అప్పు చేసి కొత్త బోరు వేయిద్దామని పాయింటు చూపించుకునే పనిలో పడ్డారు. నీళ్లు పడకపోతే మిగిలేది వడ్డీయే.

అప్పుడు మేం విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తున్నాం. "ఆ దుడ్డు మట్టిలో పోసినట్లే మే" అంది అత్త. "నా టమోటా ఈ తూరి మానేస్తా" అన్నాను. "అట్లయితే ఆ నీళ్లు మల్బరీకి ఇస్తా, నాకు పాల డబ్బులుండాయి కదా" అంది పెద్దక్క. చిన్నామె కాసేపాగి, "పట్టుగూళ్లు అమ్మినాక మీ టమోటా నష్టంలో సగం నేనిస్తానక్కా, మల్బరీ కొమ్మలు ఆవులకు తోలిస్తా" అంది. ఇందులో ఏ ఒక్క మాటా ఆ చెనక్కాయల దగ్గరికి ఎవరూ మోసుకొచ్చింది కాదు.

అంతటితో అయిపోలేదు. మరిది రెండు రోజులు ఒప్పుకోలేదు. "కరెంటు రాత్రి వస్తే వంతు ఎవరిది?" అని అడ్డుపడ్డాడు. ఆ అడ్డు మంచిదే అయింది. వంతులు రోజుల్లెక్కన కాక కరెంటు గంటల లెక్కన పెట్టుకున్నాం. ఆ ఏడు బోరు అప్పు తప్పింది. మల్బరీ బతికింది.

ఇలాంటిదే పెద్దయెత్తున మన జిల్లాల్లో జరిగింది. 2000 దాటాక, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే భూగర్భజలాలు చూసుకునే ప్రాజెక్టు ఒకటి అనంతపురంతో కలిపి 7 కరువు జిల్లాల్లో నడిచింది. ఆడా మగా రైతులు వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు కలిసి కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, అనుకున్న పంటలకు కావలసిన నీళ్లెన్ని అని లెక్కేశారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఆజ్ఞ వేయలేదు. లెక్క అందరి ముందూ ఉంది, నిర్ణయం ఎవరింట్లో వాళ్లది. అయినా చాలామంది వరి తగ్గించుకున్నారు. 2010లో ప్రపంచ బ్యాంకు భూగర్భజలాల మీద తెచ్చిన నివేదికలో ఈ పని గురించి మెచ్చుకుంటూ రాశారు.

అప్పటికప్పుడు అల్లడమంటే నోటికొచ్చింది అనడం కాదు. అవధానికి ఛందస్సు వెన్నులో ఉంటుంది. ఆ రైతుల చేతిలో కొలతలున్నాయి. మాకు ఏ మడి ఎంత తాగుతుందో ఇరవై ఏళ్ల పరిచయం ఉంది. ఇంకొకటి కూడా కావాలి. చిన్నకోడలు నోరు విప్పితే వినే ఇల్లు కావాలి. ఆ రోజు ఆమె మాట మధ్యలో మేమెవరం తుంచినా, మొదట తోలి ఇస్తామన్న నీళ్లు దానంగానే మిగిలేవి. ఆమె సగం నష్టం భరిస్తాననబట్టే అది ఒప్పందమైంది.

మీ ఇంట్లో చిక్కుముడి పడితే, అందరికంటే తక్కువ మాట్లాడే మనిషిని ముందు అడిగి చూడండి. మిగిలిన పాదం ఆమె దగ్గరే ఉండొచ్చు.