గబ్బిలం పేరడగదు

బెజవాడలో బందరు పాసింజరెక్కి కూచుంటే రామవరప్పాడు దాటేలోపు పక్కనాయన మాట కలుపుతాడు. ఎందాకా అండీ అంటాడు. బందరు అంటాను. ఏం చేస్తుంటారంటాడు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్లో పని, గుడివాడ, పెడన, బందరు షాపుల్లో బాకీలు వసూలు చేసుకొస్తానని చెప్తాను. కాలవ నీళ్లూ, మినుము ధరా, కూతుళ్ల పెళ్లిళ్లూ అన్నీ అయ్యాక, ‘ఇంతకీ తమరి పేరు?’ అంటాడు. చెప్తాను. మాట అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత నవ్వుతూ, మెచ్చుకుంటున్నట్టే అంటాడు: ‘తెలుగు భలే మాట్లాడుతున్నారే!’

మా తాతల తాతలు కృష్ణ నీళ్లు తాగి ఈ మట్టిలోనే కలిసిపోయారు. నేను తెలుగు కాక ఇంకేం మాట్లాడాలి? మా ఇంట్లో ఉర్దూ వింటే లక్నోవాళ్లు నవ్విపోతారు, అందులో సగం తెలుగే. ఇదంతా ఆయనతో అనను. ఒకప్పుడు అనేవాణ్ణి, గొంతు పెంచి మరీ. ఇప్పుడు సంచిలోంచి గేమ్ డబ్బా తీస్తాను.

నాకు నలభై ఆరేళ్లు. కూతురికి సంబంధాలు చూస్తున్న వయసు. అరచేతిలో పట్టే ఆ చైనా డబ్బాని చూస్తే మా ఆవిడ తల కొట్టుకుంటుంది. అందులో నేనాడేవి నేలమాళిగ ఆటలు. మెట్లు దిగాలి, చీకటి గదులు వెతకాలి, పాముల్నీ పిశాచాల్నీ తప్పించుకోవాలి, దొరికింది సంచిలో వేసుకోవాలి, ఇంకా కిందికి దిగాలి. పది నిమిషాల్లో చచ్చిపోతాం. మళ్లీ మొదటి మెట్టు. ఉప్పులూరు దాటేలోపు నేనొకసారి చస్తాను, తరిగొప్పుల దగ్గర మళ్లీ పుడతాను.

ఈ ఆటలకి తాత ‘రోగ్’. బెజవాడలో రోగ్ అంటే తిట్టు. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే ఇద్దరు విద్యార్థులు యూనిక్స్ కంప్యూటర్ల మీద దీన్ని తయారుచేశారు. బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. వీరుడంటే ఈమెయిల్ అడ్రసులో వచ్చే ‘ఎట్’ గుర్తు. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఇరవయ్యారూ ఇరవయ్యారు రకాల జంతువులు, రాక్షసులు. అంతస్తులు కూడా 26, ఆ అడుగున ఒక తాయెత్తు. దాన్ని తీసుకుని ప్రాణాలతో పైకి రావాలి. తాయెత్తు అనేసరికే నాకు ఆట మీద మనసు పడింది. జ్వరమొస్తే అమ్మీ నన్ను దర్గాకి తీసుకెళ్లి మెళ్లో కట్టించింది అలాంటిదే కదా. ఇప్పటిదాకా నేను తొమ్మిదో అంతస్తు దాటలేదు.

కానీ నన్ను పట్టుకున్నది తాయెత్తు కాదు, సీసాలు. దారిలో రంగురంగుల సీసాలు దొరుకుతాయి. నీలం, ఎరుపు, ఆకుపచ్చ. ఏది మందో ఏది విషమో పైకి తెలీదు. తాగితేనే తెలుస్తుంది. ఒక ఆటలో ఆకుపచ్చ సీసా తాగి కళ్లు కనపడక చచ్చాననుకోండి. అమ్మో ఆకుపచ్చ అని భయపడి తర్వాతి ఆటలో దాన్ని వదిలేస్తే నాకే నష్టం. ఎందుకంటే ప్రతి కొత్త ఆటలోనూ రంగులన్నీ మళ్లీ కలిపేస్తారు. నిన్న కళ్లు పోగొట్టిన ఆకుపచ్చే ఈరోజు గాయాలు మాన్పుతుంది. పాత అనుమానం కొత్త ఆటలో చెల్లదు. ఎవడికి వాడు తాగి చూసి తెలుసుకోవాల్సిందే. ఈ సంగతి అర్థమైన రోజు బండిలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మా రంగుకి అలాంటి వెసులుబాటు ఎప్పుడొచ్చింది? ఎక్కడో ఎవడో చేసినదానికి మా వీధి సీసాలన్నిటి మీదా విషం అని చీటీ అంటిస్తారు. ఎన్ని ఆటలు మారినా ఆ చీటీ ఊడదు.

ఇంకా చిన్న ఆట కావాలంటే ‘కేవ్ న్వార్’ ఉంది. గేమ్‌బాయ్ కోసం కొనామీ కంపెనీ 1991లో జపాన్‌లో మాత్రమే అమ్మింది. అభిమానులే దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకున్నారు. అందులో నాలుగే రకాల పనులు: ఇన్ని జంతువుల్ని చంపు, ఇంత బంగారం ఏరు, ఇన్ని గోళీలు తీసుకురా, ఇంతమంది దేవకన్యల్ని విడిపించు. పనైపోతే మెట్లు వెతుక్కుని బయటపడటమే. ఇప్పటి పెద్ద ఆటల్లో వంద గంటలు కూచుని రాజ్యం కట్టాలట. నాకు గుడివాడ వచ్చేదాకానే టైముంది. అదీగాక రాజ్యాల మీద మాకు మోజు లేదు. ఏలింది మీరేగా అంటూ నాలుగొందల ఏళ్ల నాటి లెక్కలు ఇప్పటికీ మా దగ్గరే వసూలు చేస్తున్నారు.

రోగ్‌లో బీ అక్షరం గబ్బిలం. తిన్నగా రాదు, తాగినవాడిలా అటూ ఇటూ కొట్టుకుంటూ వచ్చి కరుస్తుంది. అది ఎదురైనప్పుడల్లా నాకు జాషువా గుర్తొస్తాడు. గుడిలోకి తనకి లేని దారి గబ్బిలానికి ఉందని, 1941లో ఆయన ఒక అంటరానివాడి చేత దానికే గోడు చెప్పించాడు. నా గబ్బిలానికి గోడు వినే తీరికుండదు. అయితేనేం, మీ పేరేంటండీ అని అడక్కుండా కరుస్తుంది. అందరినీ ఒకేలా కరుస్తుంది.

పేరు దగ్గరే నాకొక పాత దొంగతనం ఉంది.

1993 సంక్రాంతి సెలవులు. అయోధ్యలో మసీదు కూల్చి అప్పటికి నెల దాటింది. మా వించిపేటలో పెద్దవాళ్లు పొద్దుగూకితే బయటికి వెళ్లనిచ్చేవాళ్లు కాదు. నేను మాత్రం బీసెంట్ రోడ్డు పక్క సందులో వీడియో గేముల కొట్టుకి పారిపోయేవాణ్ణి. కొట్టాయన మంచివాడే. ‘నీ పేరేంట్రా?’ అన్నాడు. అంతే అడిగాడు, ఏమీ అనలేదు. నా నోట ‘రాజు’ అని వచ్చింది. ఎందుకొచ్చిందో నాకూ తెలీదు. ఆ పూట నుంచి అక్కడ నేను రాజుని. మెషీన్ మీద ఎక్కువ పాయింట్లు కొడితే మూడు ఇంగ్లీషు అక్షరాల్లో పేరు రాసుకోనిచ్చేది. ఆర్, ఏ, జే అని రాసుకున్నాను. వారంలో పై నాలుగు వరసలూ నావే. గర్వంగా ఉండేది. ఆ గర్వం ఎవరిదో మాత్రం తెలిసేది కాదు.

ఒకరోజు అబ్బా వెతుక్కుంటూ వచ్చాడు. ఆటోనగర్‌లో లారీ బాడీల పని ఆయనది, చేతుల నిండా నల్లటి గ్రీజు. గుమ్మంలో నిలబడి నా పేరు పెట్టి పిలిచాడు. నేను పలకలేదు. పక్క కుర్రాడు, ‘ఆ పేరుగలవాళ్లు ఇక్కడ లేరండీ, వాడు రాజు’ అన్నాడు. అబ్బా నా వంక చూశాడు. కొట్టలేదు, తిట్టలేదు. పంజా సెంటర్ దాకా ముందు ఆయన, వెనక నేను, మాటల్లేకుండా నడిచాం. అక్కడ ఆగి ఒక్క మాటన్నాడు: ‘నేను పెట్టిన పేరులో ఏం లోటు కనపడిందిరా?’ అబ్బా పోయి పదకొండేళ్లయింది. ఇప్పటికీ జవాబు దొరకలేదు.

తర్వాత ఇంటరయ్యాక కంప్యూటర్ కోర్సులో చేరినప్పుడు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ చూశాను. జోర్డన్ మెక్నర్ 1989లో చేసిన ఆట. తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలే కుర్రాడికి పెట్టాడు. సుల్తాను యుద్ధానికి పోతే వజీరు జాఫర్ రాజ్యం కాజేస్తాడు. రాజకుమారిని ఇష్టపడ్డ కుర్రాణ్ణి కోట కింద చెరలో పడేస్తాడు. నన్ను చేసుకో, లేదా చావు అని ఆమెకి ఒక్క గంట గడువిస్తాడు. మనకీ ఆ గంటే. తెల్ల పైజామా కుర్రాడు అగాధాల మీంచి దూకుతుంటే నా స్నేహితులు నోళ్లు తెరిచి చూసేవాళ్లు. అప్పుడెవరూ ‘మీవాడేరా’ అనలేదు. తలపాగా చుట్టుకుని జాఫర్ రాగానే అన్నారు. సరదాకే అన్నారు. నేనూ నవ్వాను.

ఆ ఆటలో ఒక అద్దం ఉంటుంది. దాంట్లోంచి దూకితే కుర్రాడి నీడ విడిపోయి ఎటో పారిపోతుంది. చివర్లో కత్తి పట్టుకుని ఎదురొస్తుంది. దాన్ని పొడిస్తే మన ప్రాణమే తగ్గుతుంది. కత్తి ఒరలో పెట్టేసి దగ్గరికి నడిస్తే నీడ వచ్చి ఒంట్లో కలిసిపోతుంది. ఇది తెలీక మేం ఎన్నిసార్లు చచ్చామో.

ఈ ఆటలు అమెరికావో జపాన్‌వో కావచ్చు. నేలమాళిగ మాత్రం మాకు కొత్తది కాదు. నానీ చెప్పే అమీర్ హంజా కథల్లో తిలిస్మ్ అంటే ఇదే: మాయల లోకం, తలుపు వెనక తలుపు. అందులో అమర్ అయ్యార్ దగ్గర ఎంత వేసినా నిండని జంబీల్ సంచి ఉంటుంది. నానీకి చదువు రాదు, లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ 1883 నుంచి తిలిస్మ్-ఎ-హోష్‌రుబాని సంపుటాలుగా అచ్చేసిందని ఆమెకి తెలీదు. విని చెప్పింది, అంతే. తెలుగువాళ్లకి మాత్రం ఈ కథలు కొత్తా? 1951లో ‘పాతాళభైరవి’కి ఊరూరా బళ్లు కట్టుకుని వెళ్లారు. మాంత్రికుడి వెంట తోటరాముడు గుహలోకి దిగితే అందులో అల్లావుద్దీన్ వాసన ఎవరికీ గిట్టకుండా పోలేదు. 1962లో ‘గులేబకావళి కథ’ చూసి ఈలలేశారు. గులేబకావళి ఎక్కడి పువ్వండీ అని ఎవరడిగారు? కథ సాయిబుదైతే గుండెలకి హత్తుకుంటారు. ఆ సాయిబు అద్దెకి ఇల్లడిగితే మాత్రం మొన్ననే ఎవరికో ఇచ్చేశామంటారు. బెజవాడలో నాకు అలా ‘మొన్ననే ఇచ్చేసిన’ ఇళ్లు ఐదు.

బళ్లో విన్న చెరసాల మరొకటుంది. రామదాసుది. మాస్టారు పాఠం చెప్తూ గోల్కొండ తానీషా ఆయన్ని బందిఖానాలో వేయించాడనగానే క్లాసంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. పదకొండేళ్లకి నేను జైలరునైపోయాను. ఆ తానీషా మంత్రులు అక్కన్న మాదన్నలని, వాళ్ల పేరుతోనే మన ఇంద్రకీలాద్రి కింద గుహలున్నాయని అప్పుడు చెప్పుంటే బాగుండేది. 1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకుని తానీషానే బందీ చేశాడని, ఆ సుల్తాను దౌలతాబాద్ కోటలో బందీగానే చనిపోయాడని పెద్దయ్యాక చదివాను. చెరలో పెట్టినవాడూ చెరలోనే పోయాడు. ఆ పాఠం ఉన్నట్టయితే క్లాసు ఎటు తిరిగేదో!

మొన్న రంజాన్‌కి అక్క వాళ్లింటికి వెళ్లాను. మేనల్లుడికి పదమూడేళ్లు. ఫోన్లో నలుగురితో జట్టుకట్టి తుపాకుల ఆట ఆడుతున్నాడు. చెవుల్లో ఇయర్ ఫోన్లు. తెర మీద వాడి తల పైన ఇంగ్లీషులో ‘రాహుల్’ అనుంది.

‘ఎవర్రా రాహుల్?’

‘నేనే మామూ.’

‘ఎందుకురా?’

వాడు ఆట మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. ‘అసలు పేరు పెడితే మైకులో బూతులు తిడతారు మామూ. పాకిస్తాన్ పో అంటారు. జట్టులోంచి తీసేస్తారు. ఆడుకోవాలా, వాళ్లతో పోట్లాడాలా?’

నా దగ్గర ఏం జవాబుంది? అబ్బా అడిగిన ప్రశ్న నోటిదాకా వచ్చింది. అడగలేదు. నేను కొట్టాయన ముందు ఒక్కసారి అబద్ధమాడాను. వీడు రోజూ, తెలియని నలుగురి ముందు, గంటలకొద్దీ ఆడాలి. పైగా నన్నెవరూ తిట్టలేదు, నేనే ముందు భయపడ్డాను. వీడు తిట్లు తిన్నాకే మార్చుకున్నాడు. ఏ లెక్కన చూసినా వీడే నయం.

సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చాను. ఇందులో మైకు లేదు, అవతల ఎవరూ ఉండరు అన్నాను. రోగ్ పెట్టాను. మొదట్లో ఒక పేరు రాసుకోవాలి. లోపల దానితో ఎవరికీ పని లేదు, చచ్చాక సమాధి రాయి మీద చూపించడానికే. నేను నా పేరే రాస్తాను. నలభై దాటాక వచ్చిన ధైర్యం, అదీ గబ్బిలాల ముందు.

వాడు ‘ఈ అక్షరాలేంటి మామూ, బొమ్మల్లేవా’ అని నవ్వాడు. అలవాటు కొద్దీ రాహుల్ అని ఏరి పెట్టాడు. మెట్లు దిగాడు. నా మాట వినకుండా దొరికిన సీసా దొరికినట్టే తాగాడు. మూడో అంతస్తులో ఏదో కొరికి చంపింది. తెర మీద సమాధి రాయి లేచింది. దాని మీద రాహుల్ అని పేరు, ఏరుకున్న బంగారమెంతో, చంపిందెవరో.

‘మర్ గయా రాహుల్!’ అని పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను.

మళ్లీ మొదలుపెట్టాడు. పేరు దగ్గరికొచ్చి ఆగాడు. బటను మీద వేలు అలాగే ఉంది. నేను చూడనట్టు అటు తిరిగాను. వంటింట్లోంచి అక్క షీర్ ఖుర్మా చల్లారిపోతోందని వాణ్ణి కేకేసింది. పూర్తి పేరుతో, వీధి చివరిదాకా వినపడేలా.

‘ఒక్క నిమిషం అమ్మీ’ అన్నాడు వాడు, తల ఎత్తకుండా.