అమ్మ తల ఎవరు నిమరాలి?

నిమరడం అనే మాట మన ఇళ్లలో ఎప్పుడు వినిపిస్తుందో చూడండి. తల్లి బిడ్డ తల నిమురుతుంది. దగ్గు తెర ఆగని మనవడికి నాయనమ్మ వీపు నిమురుతుంది. రైతు ఎద్దు గంగడోలు నిమురుతాడు. ఎప్పుడూ పెద్దవాళ్ల చెయ్యే చిన్నవాళ్ల మీదికి వెళ్తుంది. మనం పెద్దల కాళ్లకు దణ్ణం పెడతాం గానీ, వాళ్ల తల మీద చెయ్యి వెయ్యం.

నేనుంటున్న స్వీడన్ నగరం గోథెన్‌బర్గ్‌లో ఈ స్పర్శ మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. చర్మంలోని మందపాటి నరాలు ఏం తగిలింది, ఎక్కడ తగిలింది అన్నది క్షణంలో మెదడుకు చెబుతాయి. వాటితోపాటు సన్నని నరాలు కొన్ని ఉన్నాయి. వాటిలో కబురు సెకనుకు మీటరు చొప్పున నింపాదిగా వెళ్తుంది. ఆ తాకిడిలోని హాయిని అందించేవి అవే. 2009లో వెలువడిన అధ్యయనం ప్రకారం, సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడే అవి బాగా స్పందిస్తాయి. మనుషులకు హాయిగా అనిపించే వేగమూ అదే. ఏ తల్లికీ ఎవరూ నేర్పకుండానే చేతికి వచ్చే వేగం కూడా దాదాపు అంతే.

అదే నగరంలో జరిగి 2016లో వెలువడిన మరో అధ్యయనం నన్ను కదిలించింది. వయసు పెరిగేకొద్దీ స్పర్శ తెలియడం కొంత మందగించినా, మెల్లగా నిమిరితే కలిగే హాయి తగ్గలేదట, పైగా పెరిగిందట.

పోయినసారి ఊరికెళ్లినప్పుడు అమ్మ మోకాళ్ల నొప్పులతో పడుకుని ఉంది. పక్కన కూర్చుని నుదురు, జుట్టు నిమిరాను. "ఏంట్రా, నేనేమన్నా చంటిపిల్లనా?" అంది. అంటూనే కళ్లు మూసుకుంది. కాసేపటికి నిద్రపట్టింది.

ఆమెను కన్నవాళ్లు ఎప్పుడో పోయారు. నాన్న లేరు. ఇక ఆమె తల నిమిరే పెద్దచెయ్యి ఎక్కడి నుంచి వస్తుంది? దూరదేశాల్లో ఉన్న మనం డబ్బు పంపుతాం, మందులు తెప్పిస్తాం, రోజూ ఫోన్‌లో ముఖం చూపిస్తాం. అవన్నీ కావలసినవే. చెయ్యి మాత్రం మనం వెళ్తేనే అందుతుంది.

ఈసారి ఇంటికెళ్లినప్పుడు దణ్ణం పెట్టి లేచిపోకండి. పక్కన కూర్చుని అమ్మ తల, నాన్న చెయ్యి నింపాదిగా నిమరండి. మొదట్లో ఇద్దరికీ మొహమాటంగానే ఉంటుంది. అయినా మానకండి. పెద్దలకు మనం చేసే మర్యాదల్లో ఇదీ ఒకటి కావాలి.