వెయ్యి ముక్కల బొమ్మ

ఈ వయస్సులో ఆటబొమ్మల గురించి వ్రాస్తున్నారేమిటని మీరు నవ్వుకోవచ్చు. మొదట మేమూ నవ్వుకున్నాము. ఇద్దరమూ కలిసి వ్రాస్తున్నాము గనుక, ఎవరి మాట ఎవరిదో చెప్పవలసిన చోట తల్లి అని, తండ్రి అని వ్రాస్తాము.

2022 నవంబరులో మా అమ్మాయి మమ్మల్ని ఇంగ్లండు పిలిపించుకున్నది. లండనుకు పడమరగా ఇరవై మైళ్ళ దూరములో స్లౌ అనే పట్టణములో నర్సుగా పని చేస్తున్నది. గోదావరి గట్టున ఎండలో పెరిగిన మాకు ఆ చలి బొత్తిగా పడలేదు. సాయంకాలము నాలుగింటికే చీకటి. అల్లుడుగారు ఉద్యోగానికి, మనుమలు బడికి, అమ్మాయి ఆసుపత్రికి వెళ్ళిపోతే మేమిద్దరమూ కిటికీ దగ్గర కూర్చుని వీధి వంక చూసేవారము. మనిషి కనబడడు. మన పల్లెలో అరుగు మీద కూర్చుంటే పదిమంది పలకరించి పోతారు, అవునా? అక్కడ పిల్లి పలకరించినా సంతోషమే.

అక్కడి మందిరములో ఆదివారము ఆరాధన అయిన తరువాత అందరికీ టీ ఇస్తారు. ఆ గదిలో ఒక బీరువా నిండా అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి. అవి జిగ్సా పజిళ్ళు. కావలసిన వారు ఒక పెట్టె పట్టుకెళ్ళి, ముక్కలన్నీ కలిపి బొమ్మ పూర్తి చేసి, మళ్ళీ విప్పి పెట్టెలో పోసి తెచ్చి ఇస్తారు. డబ్బు లేదు, చీటీ లేదు. డెబ్బై ఏడేండ్ల ఒక పెద్దమ్మగారు ఆ బీరువా చూసుకుంటారు. భర్త పోయారు, ఒక్కరే ఉంటారు. మేము బిక్కుబిక్కుమంటూ కూర్చోవడము చూసి ఒక పెట్టె తెచ్చి మా చేతిలో పెట్టారు. వెయ్యి ముక్కలు. వద్దంటే బాగుండదని తెచ్చుకున్నాము.

పెట్టె మీది బొమ్మ ఒక్క బొమ్మ కాదు. పాతకాలపు సబ్బులు, బిస్కెట్లు, మిఠాయిలు, బూటు పాలిష్ డబ్బాలు, అగ్గిపెట్టెలు, అన్నీ ఒకదాని మీద ఒకటి అతికించినట్లు కిక్కిరిసి ఉన్నాయి. ఇలాంటి వాటిని కోలాజ్ అంటారని అమ్మాయి చెప్పింది. అది ఫ్రెంచి మాట, అతికించడము అని దాని అర్థము.

అతికించడమంటే మాకు కొత్తా? తల్లి పుట్టింట్లో వాళ్ళ అమ్మమ్మగారి ట్రంకుపెట్టె ఉండేది. దాని మూత లోపలి వైపున ఆదివారపు బడిలో హాజరుకిచ్చిన రంగు కార్డులు, సబ్బు కాగితాలు, క్యాలెండరులో కత్తిరించిన గొఱ్ఱెల కాపరి బొమ్మ, అన్నీ మెతుకులతో అతికించి ఉండేవి. కెనడా బాప్టిస్టు మిషను వారు 1874లో కాకినాడలో పని మొదలు పెట్టారు. ఆ తరువాతి కాలములో వచ్చిన దొరసానులు పంచిన పాత క్రిస్మసు కార్డులు కూడా అందులో రెండు మూడు ఉండేవి. మంచు పడిన ఊరు, దీపము వెలుగుతున్న మందిరము. ఆ పెట్టె తెరిచినప్పుడల్లా ముందు కర్పూరపు ఉండల వాసన, తరువాత ఆ మంచు. పిల్లలందరూ పోగై మూత వంక చూసేవారట. లోపల ఉన్న చీరల వంక ఎవరూ చూసేవారు కారు.

ఈ ముక్కల బొమ్మల చరిత్ర కూడా అక్కడే చదివాము. 1760ల కాలములో లండనులో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాలు చెక్కే పనివాడు దేశపటాలను చెక్క మీద అంటించి, దేశాల సరిహద్దుల వెంబడి సన్నని రంపముతో కోసి అమ్మాడట. పిల్లలకు భూగోళము నేర్పడానికి. బడిపంతులుగా పని చేసిన తండ్రికి ఈ సంగతి ఎంతో నచ్చింది. ముప్పై ఏండ్లు గోడకు పటము తగిలించి బెత్తముతో చూపించామే గాని, కోసి పిల్లల చేతికిద్దామని తోచలేదు కదా అన్నారు. కోస్తే హెడ్మాస్టరుగారు ఊరుకునేవారా అని తల్లి అన్నది.

ఇక ఆట సంగతి. ముందు తిన్నని అంచు ఉన్న ముక్కలు ఏరి చుట్టూ చట్రము కట్టాలి. దానికి మాకు రెండు రోజులు పట్టింది. ఆకాశము, సముద్రము ఉన్న బొమ్మలైతే నీలి ముక్కలన్నీ ఒకేలాగ ఉండి ప్రాణము తీస్తాయి. ఈ కోలాజ్ బొమ్మల్లో ఆ బాధ లేదు. ప్రతి ముక్క మీద ఏదో ఒక అక్షరమో, రంగో ఉంటుంది. ఒక డబ్బా తీసుకుని దాని ముక్కలు ఏరితే గంటలో ఆ డబ్బా తయారు. చిన్న పని పూర్తయిన సంతోషము అప్పటికప్పుడే దక్కుతుంది. బియ్యములో రాళ్ళు ఏరిన కన్ను గనుక తల్లి చేతికి ముక్కలు త్వరగా దొరికేవి. తండ్రి పెట్టె మూత మీది బొమ్మను కళ్ళజోడు పైకెత్తి పరిశీలించి, ఇది ఫలానా చోటిది అని తీర్పు చెప్పేవారు. తీర్పు చాలాసార్లు తప్పేది.

విచిత్రమేమంటే ఆ డబ్బాల్లో సగము మనకు తెలిసినవే. లైఫ్‌బాయ్ సబ్బు కనబడింది. మా చిన్నప్పుడు ఒంటికీ, బట్టలకూ, ఒక్కొక్కప్పుడు గేదెకూ అదే. పియర్స్ సబ్బు కనబడింది. అది పురిటి బిడ్డకు మాత్రమే, అయిపోయే దాకా దాచి దాచి వాడేవారము. చెర్రీ బ్లాసమ్ పాలిష్ డబ్బా చేరగానే తండ్రి చాలాసేపు మాట్లాడారు. వాళ్ళ నాన్నగారికి జీవితములో ఒక్కటే బూట్ల జత. వాక్యము చెప్పవలసిన ఆదివారము ముందు రాత్రి లాంతరు వెలుగులో వాటికి పాలిష్ పెట్టి, మందిరము దాకా చేత పట్టుకుని నడిచి, కాలువలో కాళ్ళు కడుక్కుని, గుమ్మము దగ్గర తొడుక్కునేవారట. యాభై ఏండ్లు కాపురము చేసినా ఈ మాట తల్లికి తెలియదు. మామగారి బూట్లు చూసింది గాని, చేత పట్టుకుని నడిచారని ఎవరూ చెప్పలేదు.

ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన కూర్చుని కళ్ళు బల్ల మీద పెట్టుకుంటే వస్తాయి. వరి ఊడ్చేటప్పుడు ఆడవారు మాట్లాడుకోవడము చూశారు కదా, అలాగే.

ఒకనాడు పెద్దమ్మగారు బొమ్మ ఎంతవరకు వచ్చిందో చూడడానికి వచ్చారు. మిఠాయి కాగితాల దగ్గర ఆగిపోయారు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో వాళ్ళ దేశములో మిఠాయిలకు రేషను పెట్టారు. యుద్ధము అయిపోయినా రేషను ఉండిపోయింది. 1953 ఫిబ్రవరిలో ఎత్తివేశారు. అప్పటికి ఆమె ఏడెనిమిదేండ్ల పిల్ల. తమ్ముడి చెయ్యి పట్టుకుని కొట్టుకు పరుగెత్తిన సంగతి చెబుతూ నవ్వారు. దొరల దేశములో కూడా పిల్లలు మిఠాయికి ముఖము వాచి ఉన్నారా అని మాకు ఆశ్చర్యము.

ఆమే అడిగారు, "ఇక్కడ మధ్యలో ఇంత ఖాళీ ఉంచేశారేమి?"

అప్పటికి బొమ్మ ముప్పాతిక వంతు అయింది. మధ్యలో సీసా ఆకారములో ఖాళీ. ఆ ముక్కలు ఏరి పక్కన గిన్నెలో పోసి ఉన్నాయి. మాలో ఎవరు ఏరారో ఇప్పటికీ తెలియదు. ఇద్దరమూ వాటిని ముట్టుకోలేదు, ఆ మాట ఎత్తలేదు కూడా. అది హార్లిక్స్ సీసా. పెద్దమ్మగారు ఆ గిన్నె చూసి, వాళ్ళ నానమ్మ రాత్రి పడుకోబోయే ముందు వేడివేడిగా కలిపి ఇచ్చేదని, త్రాగితే హాయిగా నిద్ర పట్టేదని చెప్పారు. అక్కడ అది నిద్రకు త్రాగేది.

మన దేశములో దేనికి త్రాగుతారో మీకు చెప్పనక్కరలేదు. రోగిని చూడడానికి వెళితే చేతిలో బత్తాయిలు, సంచిలో హార్లిక్స్. మన ధవళేశ్వరములో 1970లలో ఫ్యాక్టరీ పెట్టిన తరువాత అది ఇంకా మన ఇంటి వస్తువు అయిపోయింది. దానిని కనిపెట్టిన జేమ్స్, విలియం హార్లిక్ అన్నదమ్ములు ఇంగ్లండు వారు. అమెరికా వెళ్ళి 1873లో వ్యాపారము మొదలుపెట్టి, తరువాత 1908లో ఈ స్లౌ పట్టణములోనే పెద్ద ఫ్యాక్టరీ కట్టారు. రైలు స్టేషను దగ్గర ఆ ఎర్ర ఇటుకల భవనము, గడియారపు గోపురము ఇప్పటికీ ఉన్నాయి. మేము వెళ్ళేనాటికే ఫ్యాక్టరీ మూతపడింది. దిగిన మొదటి వారములోనే అమ్మాయి కారులోనుండి చూపించి, "నాన్నగారూ, హార్లిక్స్ పుట్టిల్లు ఇదే" అన్నది. మేము ఓహో అని ఊరుకున్నాము.

1986లో మా అబ్బాయికి టైఫాయిడ్ తిరగబెట్టింది. వానికి ఏడేండ్లు. కాకినాడలో ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాము. ద్రవపదార్థాలు తప్ప ఏమీ పెట్టవద్దన్నారు. వాని మేనమామ ఒక పెద్ద హార్లిక్స్ సీసా తెచ్చాడు. అది సగము కాకముందే పన్నెండవ రోజు తెల్లవారుజామున ప్రభువు వానిని పిలుచుకున్నాడు.

పాస్టరుగారు వచ్చి 2 సమూయేలు 12వ అధ్యాయము చదివారు. బిడ్డ చనిపోయిన తరువాత దావీదు లేచి స్నానము చేసి భోజనము చేసిన సంగతి. ఆ పూట మాకు ఆ అధ్యాయము వినబుద్ధి కాలేదు. ఈ మాట ఇప్పుడు వ్రాస్తున్నందుకు క్షమించాలి. దావీదు లాగానే మేమూ లేచాము, తిన్నాము, బడికి వెళ్ళాము, అమ్మాయిని పెంచాము. వాని పేరు మాత్రము ఇంట్లో మరి పలకలేదు. తల్లి ఏడుస్తుందని తండ్రి, తండ్రి తట్టుకోలేరని తల్లి. కుటుంబ ప్రార్థనలో కూడా ఆ చోటు దాటుకుని పోయేవారము.

క్రిస్మసుకు నాలుగు రోజుల ముందు అమ్మాయి రాత్రి డ్యూటీ చేసి ఉదయమే వచ్చింది. బట్టలు మార్చుకోకుండానే బల్ల దగ్గర కూర్చుంది.

"ఈ ముక్కలు ఇలా వదిలేశారేమమ్మా? ఇవి తేలికే కదా" అంటూ గిన్నె ఒంపి గబగబా పెట్టసాగింది. మేము వద్దనలేకపోయాము. సీసా మెడ దాకా వచ్చింది. ఇంకా నాలుగు ముక్కలుండగా చెయ్యి ఆపింది.

"అన్నయ్య సీసాలో పొడి నేను తినేశాను, తెలుసా నాన్నగారూ?"

అప్పుడు దానికి నాలుగేండ్లు. దానికేమీ గుర్తు లేదనే మేము అనుకున్నాము. ఆసుపత్రి వరండాలో పొడి తిన్నదట. పెదవులకు అంటిన పొడి చూసి పొద్దున్నే తల్లి చెంప మీద కొట్టి, అన్నయ్యది తినేశావా అన్నదట. మరి రెండు రోజులకు అన్నయ్య లేడు. తాను తినేసినందువల్ల అన్నయ్యకు చాలక పోయాడని చాలా ఏండ్లు అనుకున్నదట. నర్సింగు చదివేటప్పుడు టైఫాయిడ్ పాఠము వచ్చిన రోజున హాస్టలు గదిలో తలుపు వేసుకుని ఏడ్చిందట. ఇదంతా బొమ్మ వంక చూస్తూనే చెప్పింది.

తల్లికి ఆ దెబ్బ గుర్తు లేదు. ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. బిడ్డ ముప్పై ఆరేండ్లు మోసినది తల్లికి గుర్తే లేదు.

తండ్రి అప్పుడు చెప్పారు. "నువ్వు తినలేదమ్మా, నేను పెట్టాను. ఆ రాత్రి ఆకలికి ఏడుపు ఆపలేదు నువ్వు. బయట కొట్లన్నీ కట్టేశారు. సీసా తీసుకొచ్చి నీ చేతిలో రెండు చెంచాలు పోశాను. పొద్దున్న మీ అమ్మ కేకలేస్తుంటే నేనే పెట్టానని చెప్పలేకపోయాను. రెండు రోజులు పోయాక ఇక చెప్పడానికి ఏముంది?"

చాలాసేపటికి తల్లి అన్నది, "ఆ సీసా ఇంట్లోనే ఉంది. ఆవాలు పోసుకుంటున్నాను."

మూత పగిలింది, అవతల పారేయమని తండ్రి ఎన్నిసార్లు విసుక్కున్నారో లెక్క లేదు. వంటింట్లో ఇన్ని డబ్బాలుండగా ఆ సీసా ఏమిటని అనేవారు. ఆ సీసా ఇదేనని ఆయనకు తెలియదు.

మిగిలిన నాలుగు ముక్కలు ఎవరు పెట్టారో గుర్తు లేదు. అమ్మాయి టీ పెట్టింది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో తండ్రి వాని పేరు పలికారు. మనుమలిద్దరూ కళ్ళు తెరిచి, ఎవరది అన్నట్లు వాళ్ళ అమ్మ వంక చూశారు. ప్రార్థన అయ్యాక వాళ్ళకు మామయ్య సంగతులు చెప్పడానికి చాలా పొద్దుపోయింది. చెట్టెక్కి దిగలేక ఏడ్చిన సంగతికి చిన్నవాడు పడీ పడీ నవ్వాడు.

పజిలు విప్పి పెట్టెలో పోసి పెద్దమ్మగారికి ఇచ్చివేశాము. తిరిగి వచ్చే లోపల ఇంకా మూడు చేశాము. అందులో ఒకటి ఉత్త సముద్రము. దాని ఊసు వద్దు.

ఇప్పుడు అమ్మాయి ఒక కొత్త పట్టు పట్టింది. మన ఫోటోలు పంపిస్తే వాటిని అట్ట మీద ముద్రించి ముక్కలు కోసి ఇచ్చే కంపెనీలు ఉన్నాయట. మన ఇంటి వస్తువులతో ఒక కోలాజ్ చేయిస్తానంటున్నది. అమ్మమ్మగారి ట్రంకుపెట్టె మూత, తాతగారి బూట్లు, ఆవాల సీసా, అన్నీ ఫోటోలు తీసి పంపాము. సీసాను తల్లి కడిగి, తుడిచి, ఎండలో పెట్టి మరీ తీయించింది.

మిగిలింది అబ్బాయి ఫోటో. వానికి ఉన్నది ఒక్కటే, 1985 క్రిస్మసుకు ఆదివారపు బడి పిల్లలందరితో మందిరము మెట్ల మీద తీసినది. అందులో వాని ముఖము బొటనవ్రేలి గోరంత. రంపము ఆ ముఖము మీదుగా పోకూడదని తల్లి పట్టు. మొత్తము ముఖము ఒక్క ముక్కలో పడాలి. అది మిషను కోస్తుందమ్మా, మనము చెప్పినట్లు కోయదు అని అమ్మాయి అంటున్నది. ముఖము చిన్నది గనుక ఒక్క ముక్కలోనే పడవచ్చునని తండ్రి స్కేలు పెట్టి కొలిచి చూపించారు. ఆయన తీర్పులు ఎలాంటివో పైన వ్రాశాము.

ఫోటో ఇంకా పంపలేదు. బైబిలులో 2 సమూయేలు దగ్గర పెట్టి ఉంది.