బ్యుకెబుర్గ్ కోటలో సెల్లో స్వరము

జర్మనీ దేశములో హనోవర్ నగరమునకు పడమరగా సుమారు 50 కిలోమీటర్ల దూరమున బ్యుకెబుర్గ్ అను చిన్న పట్టణము కలదు. రైలు దిగి నడిచి చూడదగిన ఊరు. చుట్టూ నీటి కందకముతో ఒక కోట, కొంచెము ఎడముగా 1615లో పూర్తయిన దేవాలయము. దాని ముఖభాగముపై లాటిన్ మాటలు బంగారు అక్షరాలలో ఉన్నవి. ఇది భక్తికి మాదిరియే గాని కట్టడమునకు కాదని వాటి భావము. అయితే ఆ మాటల మొదటి అక్షరములు కూర్చి చదివితే కట్టించిన ఎర్న్‌స్ట్ ప్రభువు పేరు వచ్చును! మనుష్యుడు తన పేరును అంత సులభముగా విడువడు గదా.

ఈ ఊరిలోనే తన పేరును గూర్చి అంతగా చింతింపని ఒక సంగీతకారుడు 45 ఏండ్లు పనిచేసెను. ఆయన లైప్సిగ్ దేవాలయ సంగీతమును నడిపిన గొప్ప బాఖ్ గారి కుమారుడు యోహాన్ క్రిస్టోఫ్ ఫ్రీడ్రిఖ్ బాఖ్. 1750లో, పదునెనిమిదేండ్లు నిండకముందే, కౌంట్ విల్హెల్మ్ కొలువులో చేరి 1795లో ఇక్కడనే కన్నుమూసెను. అన్నదమ్ములు హాంబర్గులోను లండనులోను పేరు పొందగా, ఈయన కోట గదులలో కూర్చుండి విను కొద్దిమంది కొరకు వ్రాసెను.

సెల్లో వయొలిన్ జాతిలోని పెద్ద వాద్యము. కుర్చీలో కూర్చుండి దానిని నిలువుగా మోకాళ్ల నడుమ పట్టి కమానుతో వాయింతురు. ఆ కాలమున దాని తీగెలు పశువుల ప్రేగులతో చేసినవి. దానికి తోడు హార్ప్సికార్డ్. మెట్టు నొక్కితే పక్షి ఈక మొన తీగెను మీటును. మెల్లగా నొక్కినను గట్టిగా నొక్కినను ధ్వని దాదాపు ఒక్కటే. ఈ జంటలో సెల్లో పని చాలకాలము సేవకుని పనియే: హార్ప్సికార్డ్ ఎడమచేతి మంద్రస్వరమునకు బలమిచ్చుట. పాడు భాగము వయొలిన్‌దో, పిల్లనగ్రోవిదో.

1770లో హాంబర్గునందున్న అన్న కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ వెలువరించిన సంగీత సంచికలలో తమ్ముని సెల్లో సొనాట అచ్చయ్యెను. ఇందులో సెల్లోయే పాడును. మెట్ల వాద్యము వాయించువానికి మంద్రస్వరపు వరుస మాత్రమే ఇచ్చి, పై శ్రుతులు అతడే కూర్చుకొనునట్లు విడిచిరి.

మరుసటి ఏట హెర్డర్ అను పండితుడు ఈ ఊరికి ఆస్థాన బోధకుడై వచ్చెను. ఆయన మాటలు కూర్చగా, బాఖ్ యేసు బాల్యమును గూర్చియు లాజరు లేపబడుటను గూర్చియు 1773లో సంగీతము కట్టెను. నా దృష్టిలో ఈ ఊరికి అవే మంచి దినములు. అవి నిలువలేదు. 1776లో కౌంటు భార్య మరణించెను, హెర్డర్ వైమారునకు వెళ్లిపోయెను. 1777లో కౌంటును పోయెను.

ఆదరించినవారు పోయిన పిమ్మట, 1778లో బాఖ్ కుమారుని వెంటబెట్టుకొని లండనులోని తమ్ముని చూడబోయి, తిరిగి వచ్చునప్పుడు ఒక ఇంగ్లీషు పియానో తెచ్చుకొనెను. అప్పటికి ఆయనకు 46వ యేడు. ఈ వాద్యములో ఈకకు బదులు చిన్న సుత్తులు తీగెను కొట్టును గనుక వ్రేలి బలమును బట్టి స్వరము పెరుగును, తగ్గును. కమానుతో సెల్లో చేయుచున్నది అదే. ఈకల వాద్యము ఈ విషయములో దానికి సరిజోడు కాలేకపోయెను.

ఆయన చేతివ్రాతలలో అనేకములు తరువాత బెర్లిన్ చేరి, రెండవ ప్రపంచయుద్ధములో పోయినవి. 1770నాటి సొనాట మాత్రము అచ్చులో ఉన్నందున మిగిలినది. సెల్లో వాద్యకారులు దానిని నేటికిని వాయించుచున్నారు.